ఎల్లప్ప తోడల్లుడు

మా కార్వాన్‌లో కైలాసం అసూయ సంగతి తెలియనివాళ్లు లేరు. పక్కింటివాళ్లు కొత్త ఫ్రిజ్ కొంటే ఇతనికి జలుబు చేస్తుంది. ఎదురింటి పిల్లవాడు పరీక్ష పాసైతే ఇతనికి అజీర్తి. బహదూర్‌పురాలో తెలిసినవాడెవడో నాలుగో అంతస్తు వేశాడని విని ఒక రోజంతా అన్నం ముట్టకుండా పడుకున్నాడు. ఆ పూట అతని కడుపులోని వేడికి పక్క గదిలో మూత పెట్టిన పాలగిన్నె దానంతట అదే పొంగిందని లలితమ్మ నాతో చెప్పింది. లలితమ్మ అతని భార్య, అబద్ధం ఆడే మనిషి కాదు. పాలు విరిగాయని ఆమె అంటే పొంగాయని నేను రాశానేమో, అంతకుమించి మార్చలేదు.

అయినా ఇదంతా చిల్లర అసూయ. అసలు సరుకంతా కైలాసం ఒక్కడి కోసం దాచి పెట్టుకున్నాడు. వాడి పేరు ఎల్లప్ప. లలితమ్మ చెల్లెలు నీలమ్మ మొగుడు. అంటే కైలాసానికి తోడల్లుడు.

పెళ్లయిన కొత్తలో దసరా పండక్కి ఇద్దరూ అత్తగారింటికి వెళ్లారట. అత్తగారు ఎల్లప్ప విస్తరిలో మూలుగున్న నల్లి బొక్క వేసి, పెద్దల్లుడైన తనకు ఉత్త ముక్కలు వేసిందని కైలాసం ఇప్పటికీ చెబుతాడు. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. ఆ బొక్క మాత్రం కైలాసం గొంతులోంచి దిగలేదు.

నిజానికి లోకం దృష్టిలో కైలాసమే గొప్పవాడు. కరెంటు ఆఫీసులో ఉద్యోగం చేసి దిగిపోయాక పాత ఇళ్ల వ్యాపారం పట్టాడు. కాగితాల్లో చిక్కున్న ఇల్లు ఎక్కడుందో వాసన పట్టి, దాన్ని తక్కువకు కొని, చిక్కు విప్పి ఎక్కువకు అమ్మేవాడు. ఎల్లప్పది నీళ్ల ఆఫీసులో వాల్వులు తిప్పే ఉద్యోగం. వీధులన్నింటికీ నీళ్లు వదిలాడు కానీ, తనదంటూ ఒక కొళాయి లేకుండా రిటైరయ్యాడు. పెళ్లయినప్పటినుంచీ అద్దె గదులే. ఎల్లప్ప ఇల్లు మారినప్పుడల్లా కైలాసం పనిగట్టుకుని వెళ్లి, గోడలు తట్టి చూసి, అద్దె పెంచారా అని అడిగి, కడుపు నిండా చల్లబడి వచ్చేవాడు.

అలాంటి ఎల్లప్ప ఇల్లు కొంటున్నాడన్న కబురు వచ్చింది. అదీ ఏ ఇల్లు? పరబ్రహ్మంగారి ఇల్లు.

పరబ్రహ్మంగారు గుంటూరు వైపునుంచి సర్కారు ఉద్యోగం మీద వచ్చి, మా గల్లీలో ఇల్లు కొనుక్కుని స్థిరపడిన పెద్దమనిషి. రెండు గదులు, ఒక వంటిల్లు, వీధి వైపు దుకాణం పెట్టుకునే మల్గి. ఆయన ఒక్కగానొక్క కొడుకు జబ్బు చేసి ముందే పోయాడు. తర్వాత ఆయనా పోయారు. ఇక మిగిలింది కోడలు బిందుమాధవి. ఏదో ఆఫీసులో పని చేస్తూ బహదూర్‌పురాలో ఉంటుంది. ఈ ఇల్లు అమ్మేస్తానని ఆమె అన్నప్పటినుంచీ కైలాసం దాని చుట్టూ తిరుగుతున్నాడు. గోడలు చెమ్మెక్కాయని ఒకసారి, గల్లీ ఇరుకని ఒకసారి, ఆమె చెప్పిన ధరకు సగం చెప్పి, ఆవిడే విసిగి దిగివస్తుందని కాచుకు కూర్చున్నాడు. ఎల్లప్ప ఒక ఆదివారం వెళ్లి ధర అడిగాడు. ఆమె చెప్పింది. సరేనమ్మా అన్నాడు. అంతే, బేరం అయిపోయింది.

ఈ మాట విన్న రోజు కైలాసం మొహం చూడాల్సింది. నేను చూశాను కాబట్టి చెబుతున్నాను, అతని చెవుల్లోంచి సన్నగా పొగ వచ్చింది. దోమలకు మందు కొట్టేవాళ్లు వచ్చారనుకుని పక్కింటావిడ కిటికీలు మూసుకుంది.

"నడువు బాపూ, ముబారక్ చెప్పొద్దాం" అన్నాడు నాతో. నేను అతనికంటే చాలా పెద్దవాణ్ణి, అందుకని బాపు అంటాడు. ఇలాంటి తమాషాకు పిలిస్తే నేను చెప్పులు కూడా వెతుక్కోను.

ఎల్లప్ప గదిలో అడుగు పెడుతూనే మొదలెట్టాడు. "ఏం ఎల్లప్పా, ఇల్లు కొన్నవంట. ఊరంత ఎరుకైనంక మాకు ఎరుకైతదా?"

"ఇంక కొనలేదన్నా, అగ్రిమెంటే అయింది. నీకు చూపెట్టినంకనే రిజిస్ట్రీ అనుకున్న" అన్నాడు ఎల్లప్ప, కుర్చీ తుడిచి వేస్తూ. వాడిది ఆ స్వభావం. ఎదుటివాడు రాయి తెస్తే పీట తెచ్చాడనుకుని కూర్చోబెడతాడు.

నీలమ్మ అలా కాదు. చాయ్ అందిస్తూ అంది, "రోజు ఆ ఇంటి ముంగట ఆగి ఆగి చూసుకుంట పోతవంట గదా బావా. ఇగ ఎండల నిలవడే పని లేదు. లోపలికొచ్చి కూసొని చూడు."

కైలాసం చాయ్‌ని ఊదకుండానే తాగాడు. లోపలి వేడికి అది చల్లగానే తగిలి ఉంటుంది.

"గోడలకు మస్తు చెమ్మున్నది" అన్నాడు.

"మేము చెమ్మ లేని గోడ చూసిందెప్పుడు బావా? అలవాటే."

"మల్గి షట్టరు తుప్పు పట్టింది."

"నూనె పోస్తం."

"కాయితాలు?"

నీలమ్మ ఈసారి మొగుడి వైపు చూసింది. ఎల్లప్ప చేతులు నలుపుకున్నాడు. కైలాసం కుర్చీలో ముందుకు జరిగాడు. అప్పటిదాకా ఆరిపోయిన బల్బులా ఉన్న మొహంలో ఎక్కడో కరెంటు పారింది.

"ఈసీ అయితే సాఫ్ ఉన్నదన్నా" అన్నాడు ఎల్లప్ప. "గని అసలు దస్తావేజు దొరుకుతలేదు. మేడం ఇల్లంత లెంకింది. పోలీస్ స్టేషన్ల చెప్పింది, తెలుగు పేపర్ల నోటీసు కూడ ఏపిచ్చింది. వారం దినాలల్ల ఎవ్వలు అడ్డం రాకపోతే నకలు మీదనే మా కొడుకు బబ్లూకు లోను ఇస్తమన్నరు బ్యాంకోల్లు."

"అడ్డమొస్తే?"

"లోను రాదు. ఉగాది దాటితే అగ్రిమెంటు ఖతం. మేమిచ్చిన బయానా పోతది. మా తానున్నదంత గదే అన్నా."

"గట్ల నోటితోని అనకు" అని నీలమ్మ మొగుణ్ణి కసిరింది. అంత ధైర్యంగల మనిషి, కొంగుతో చాయ్ గ్లాసును ఎంతసేపు తుడిచిందంటే, గ్లాసు సన్నబడిందేమోనని నాకు అనుమానం వచ్చింది.

ఫికర్ చేయకు తమ్మీ అని కైలాసం ఎల్లప్ప భుజం తట్టి లేచాడు. గల్లీలోకి వచ్చాక చూడాలి నడక. నేలకు జానెడు ఎత్తులో వెళ్లాడు.

"బాపూ, పాతబస్తీల కాయితం పోదు. గాలికి ఎగిరిపోదు, ఎలుకలు తినయి. ఎవని బీరువలనో ఉంటది" అన్నాడు.

"ఈసీలో ఏం లేదంటున్నాడు కదయ్యా?"

చదివేవాళ్లలో ఇల్లు కొననివాళ్లు కూడా ఉంటారు కనుక చెబుతాను. ఒక ఇంటి మీద రిజిస్టరు ఆఫీసులో నమోదైన అమ్మకాలూ తాకట్లూ చూపించే కాగితమే ఈసీ. నమోదు కానిది అందులో ఉండదు. ఎవరైనా తెలిసిన సేఠ్ దగ్గరికి పోయి, దస్తావేజు చేతిలో పెట్టి అప్పు తెచ్చుకుంటే, ఆ సంగతి ఇచ్చినవాడికీ తీసుకున్నవాడికీ తప్ప ఏ ఆఫీసుకూ తెలియదు. అసలు దస్తావేజు మాత్రం ఇంట్లో కనిపించదు. కైలాసం వ్యాపారమంతా ఈ చిన్న సందులోనే నడిచింది.

"ముసలాయన ఎవనికాడనో కుదువ పెట్టిండు. ఎవడో కనుక్కుంటే చాలు."

"కనుక్కుని ఎల్లప్పకి చెప్పు. పాపం, కష్టం తప్పుతుంది."

కిడ్నీ ఒకటి ఇవ్వమని నేను అడిగినట్టు చూశాడు నన్ను.

"చెప్తే ఏమైతది? మేడం పోయి బాకీ కట్టి ఇడిపిస్తది. ఇల్లు మల్ల ఎల్లప్పకే. గట్ల గాదు బాపూ. ఆ కుదువను నేనే కొంట. కాయితం నా చేతిల ఉంటది. నోటీసుకు అడ్డం నేనే వడత. బ్యాంకు లోను ఇయ్యదు, ఉగాది దాటుతది, ఎల్లప్ప పక్కకు జరుగుతడు. అప్పుడు మేడం నా తానికే రావాలె. నేను చెప్పిన ధరకే ఇయ్యాలె."

"వకీలును ఒక మాట అడుగు."

"వకీలా? గిసొంటి ఇండ్లు ఎన్ని కొన్న! వకీలే నన్నడుగుతడు."

పరబ్రహ్మంగారి ఇంటి ఇత్తడి సామానంతా బేగంబజార్ ఛగన్ సేఠ్ దుకాణంలోదే. నాకెలా తెలుసంటే, మా ఊరి బడిలో అయిదో తరగతి దాటి పట్నం వచ్చినప్పటినుంచీ ఆ దుకాణం అరుగు మీద గిన్నెలకు కళాయి పూసి బతికినవాణ్ణి. పాత గిరాకీలకు పెళ్లో రోగమో వస్తే ఆ సేఠ్‌లు కాగితం మీద అప్పు ఇస్తారని కూడా ఎరుగుదును. ఆ మాట నోరు జారాను. మరు నిమిషంలో ఇద్దరం ఆటోలో ఉన్నాం.

దారి పొడుగునా కైలాసానికి కాలక్షేపంగా ఆ దుకాణం కథలు చెప్పాను. ఛగన్ సేఠ్ తాతగారి కాలంలో అక్కడ ఒక గంగాళం ఉండేది. పొద్దున దాన్ని తోమడానికి లోపలికి దిగిన హమాలీ దారి తప్పి, సాయంత్రానికి పురానాపూల్ వైపు తేలాడు. అలాగే ఒక త్రాసు ఉండేది. దాని ముందు నిలబడి ఎవరైనా తుమ్మితే, ఆ తుమ్ము ఎన్ని తులాలో ముల్లు చూపించేది. కైలాసం ఊఁ కొడుతూ విన్నాడు. మనసంతా ఇంటి మీదే ఉంది.

"ఇంకొకటి" అన్నాను. "కుదువకు వచ్చిన కాగితాన్ని వాళ్లు బీరువాలో పెట్టరు. కొత్త ఇత్తడి బిందెలో పెట్టి, ఎర్ర గుడ్డ కట్టి, అటక మీద పెడతారు. బాకీ తీరిందంటే ఆ బిందెను హమాలీ నెత్తిన పెట్టి, ముందు మర్ఫా డప్పులు వాయించుకుంటూ ఆ ఇంటికి తీసుకెళ్లి, గడపలో ఆ ఇంటి ఆడమనిషి చేతికే ఇస్తారు. బిందె కూడా ఆమెకే. కాగితం ఇల్లు దాటినప్పుడు ఏడ్చిన ఆడదాని ఉసురు తమకు తగలకూడదని తాతగారు పెట్టిన రివాజు. కట్టినవాడు ఎవడైనా సరే, దుకాణంలో మాత్రం చేతికివ్వరు."

కైలాసం పకపకా నవ్వాడు. ఆటోవాడు కూడా అద్దంలోంచి నవ్వాడు.

"బాపూ, గంగాళం నమ్మిన. త్రాసు నమ్మిన. అప్పులోడు బ్యాండు పెట్టి కాయితం వాపస్ తెస్తడంటే మాత్రం నమ్మ."

నాకున్న కష్టం అదే. నిజం చెప్పేటప్పుడు కూడా నా గొంతు మారదు.

ఛగన్ సేఠ్ గద్దె మీద కూర్చుని హిందీ పేపరు చదువుతున్నాడు. చుట్టూ దొంతులు దొంతులుగా గిన్నెలు, బయట బండ్లు, హమాలీల కేకలు. కైలాసం పరబ్రహ్మంగారి పేరు ఎత్తగానే సేఠ్ కళ్లజోడు తీసి, తల పైకెత్తి అటక వైపు చూశాడు. ఆ చూపుతోనే మాకు అర్థమైంది.

"పరబ్రహ్మంజీ... బహుత్ నేక్ ఆద్మీ. ఉన్నది భాయ్‌సాబ్, ఆయన కాయితం నా తాననే ఉన్నది. కొడుకు దవాఖానల ఉంటే తెచ్చి పెట్టిండు. పిల్లగాడు పోయిండు, ఆయన గుడ పోయిండు. చావు ఇంటికి పోయి పైసలు ఎట్ల అడుగుత? అందుకే ఊకున్న."

తెలుగు పేపర్లో నోటీసు పడ్డ సంగతి ఆయనకు తెలియదు. కైలాసం నా వైపు చూసి కన్నుగీటాడు.

"బాకీ నేను కడత సేఠ్. కాయితం నాకియ్యి."

"ఆప్ కౌన్?" అన్నాడు సేఠ్. "బయటోల్లకు ఇయ్య. ఇంటోల్లకైతేనే."

కైలాసం గద్దెకు దగ్గరగా జరిగాడు. తర్వాత జీవితంలో ఎన్నడూ అననంత ప్రేమగా అన్నాడు. "నేను ఇంటోన్నే సేఠ్. ఆ ఇల్లు కొంటున్నది ఎవరనుకున్నవ్? మా తోడల్లుడు."

"తోడల్లుడు మత్లబ్?"

"సాఢూభాయ్."

సేఠ్ కళ్లజోడు మళ్లీ పెట్టుకుని కైలాసాన్ని తలనుంచి కాళ్లదాకా చూశాడు. "సాఢూ కోసం నువ్వు బాకీ కడుతున్నవా?"

"ఆఁ. కడుతున్న."

సేఠ్ పద్దు తీసి బాకీ ఎంతో చెప్పాడు. కైలాసం ఆ మధ్యాహ్నమే బ్యాంకుకు వెళ్లి, మొత్తం సేఠ్ ఖాతాలో పడేలా చేసి, వెలిగిపోతూ తిరిగొచ్చాడు. సేఠ్ రసీదు రాశాడు. పరబ్రహ్మంజీ బాకీ పూర్తిగా తీరింది, ఆ ఇంటి మీద మాకు ఇక ఏ హక్కూ లేదు అని. చదివి వినిపించాడు కూడా. కైలాసం చెవికి అదంతా తన విజయగీతంలా వినిపించినట్టుంది, తల ఊపాడు.

"ఇగ కాయితం" అని చెయ్యి చాపాడు.

సేఠ్ చప్పట్లు కొట్టాడు. ఒక హమాలీ నిచ్చెన వేసి అటకెక్కి, ఎర్ర గుడ్డ కట్టిన ఇత్తడి బిందెను దింపాడు. దుమ్ము తుడిస్తే, లోపల దీపం పెట్టినట్టు మెరిసింది. కైలాసం బిందెను చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నేను పైకప్పు చూశాను.

"శుక్రవారం పొద్దుగాల ఇంటికి తెస్త" అన్నాడు సేఠ్. "ఇక్కడ ఇచ్చేది లేదు. దాదాజీ రివాజు. ఆ ఇంటి బహూ, కోడలు చేతికే ఇస్త. ఫోన్ నంబర్ చెప్పు, నేనే పిలుస్త."

"వద్దు సేఠ్! నేనే తీస్కపోత. మీకెందుకు తక్లీఫ్!"

"తక్లీఫ్?" సేఠ్ గద్దె దిగి వచ్చాడు. అప్పటిదాకా గద్దె దిగగా నేను చూడలేదు. దుకాణంలో ఉన్న గిరాకీలనూ హమాలీలనూ పిలిచాడు. "సునో భాయ్! నాకు గుడ ముగ్గురు సాఢూలున్నరు. నా దుకాన్ ఎప్పుడు బంద్ అయితదా అని ముగ్గురూ పొద్దున లేచి భగవాన్‌కు మొక్కుతరు. ఈ మనిషిని చూడుండ్రి. సాఢూ ఇల్లు కొంటుంటే, వానికి చెప్పకుంట, ఎవ్వరు అడగకుంట, వచ్చి బాకీ తీర్చిండు! దేవుడు నీసొంటోన్ని ఒక్కన్ని నాకియ్యకపాయె!"

హమాలీలు చప్పట్లు కొట్టారు. స్టీలు పళ్లాలు కొనడానికి వచ్చిన ఒకావిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. సేఠ్ దేవుడి పటానికున్న దండ తీసి కైలాసం మెడలో వేశాడు.

ఇప్పుడు మీరే చెప్పండి. ఆ దండ మెడలో ఉండగా, అయ్యా నేను తోడల్లుడి ఇల్లు లాక్కోవడానికి వచ్చాను, నా పైసలు నాకిచ్చేయండి అని ఏ మగాడు అనగలడు? కైలాసం దండ సర్దుకున్నాడు. జీవితంలో మొదటిసారి పదిమంది అతన్ని చూసి చప్పట్లు కొడుతున్నారు. అది తియ్యగా ఉంది, చేదుగా కూడా ఉంది. మొహం సగం నవ్వింది, సగం ఏడ్చింది. నేను అబద్ధాలకోరునే కావచ్చు, ఈ రెండు సగాలూ మాత్రం కళ్లారా చూశాను.

తిరుగు ఆటోలో దండ తీసి ఒళ్లో పెట్టుకుని పువ్వులు తెంపుతూ కూర్చున్నాడు. "బాపూ, నువ్వు ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు.

"చెప్పాను కదయ్యా."

"నిజమోలె చెప్పలేదు!"

అప్పుడు గుర్తొచ్చాడు వకీలు. నాంపల్లిలో దిగి ఇద్దరం వెళ్లాం. వకీలు రసీదు చదివి, మళ్లీ చదివి, నవ్వు దాచుకోవడానికి నీళ్లు తాగాడు.

"మీరు తాకట్టును కొనలేదండీ కైలాసంగారూ, తీర్చేశారు. సేఠ్ హక్కును మీ పేరు మీదికి మారుస్తూ బదలాయింపు దస్తావేజు రాయించి, రిజిస్టరు చేయించుకుని ఉంటే మీరు ఆయన స్థానంలో నిలబడేవారు. ఇందులో బాకీ తీరిందని ఉంది. తీరిన బాకీ మీద ఎవరికీ హక్కుండదు. ఇప్పుడు ఆ ఇల్లు కడిగిన ముత్యంలా ఉంది. నన్నడిగితే ఎల్లప్పగారు నిశ్చింతగా కొనుక్కోవచ్చు."

"మరి నా పైసలు?"

"ఆవిడ ఇస్తే తీసుకోండి. కోర్టుకెళ్లి అడగాలంటే మాత్రం, ఎందుకు కట్టారో చెప్పాల్సి వస్తుంది."

బయటికొచ్చాక కైలాసం మెట్ల మీద కూలబడ్డాడు. పైసల గురించి బెంగ అనుకున్నాను. కాదు. "బాపూ, ఎల్లప్ప ఇంటి కాయితం నేను సాఫ్ చేసిన. నా ఇండ్లకు నేను ఇంత ఫ్రీగ ఎన్నడన్న చేసుకున్ననా?" అని గుండెల మీద కొట్టుకున్నాడు.

శుక్రవారం వచ్చింది. మర్ఫా మోత గల్లీ మొదట్లోనే వినిపించింది. ఆ దెబ్బకు మేడల మీద పావురాలన్నీ లేచి గోల్కొండ వైపు వెళ్లి, మూడు రోజులదాకా తిరిగి రాలేదు. ముందు డప్పులవాళ్లు, వెనక నెత్తిన బిందెతో హమాలీ, ఆ వెనక తెల్ల బట్టల్లో ఛగన్ సేఠ్. ఆయన పక్కనే, తప్పించుకోవడానికి వీల్లేకుండా సేఠ్ చేతికి చిక్కి నడిచొస్తున్న కైలాసం. గల్లీలో ప్రతి గుమ్మంలోనూ మనుషులు. ఏందంటే ఏందని ఒకరినొకరు అడుగుతుంటే సేఠే గొంతెత్తి చెప్పుకుంటూ వచ్చాడు. "ఎల్లప్ప సాఢూ! ఈయనే ఎల్లప్ప సాఢూ!"

కైలాసం పళ్లు కొరకడం నాకు వినిపించింది. తన సొంత గల్లీలో, సొంత పేరు పోయి, ఎల్లప్ప తోడల్లుడైపోయాడు.

పరబ్రహ్మంగారి గడపలో బిందుమాధవి నిలబడి ఉంది. సేఠ్ ఫోన్ చేస్తే ఆఫీసుకు సెలవు పెట్టి వచ్చింది. పక్కనే ఎల్లప్ప, నీలమ్మ, లలితమ్మ. సేఠ్ బిందెను తన చేత్తో దింపి, దానికి పసుపు కుంకుమ పెట్టి ఆమెకు అందించాడు. ఆమె గుడ్డ విప్పి, లోపల చెయ్యి పెట్టి దస్తావేజు తీసింది. అట్ట మీద మామగారి చేతిరాత.

"ఇది మీ దగ్గరికి ఎలా వచ్చిందండీ?" అంది.

"నీ మొగుడు దవాఖానల ఉన్నప్పుడు తెచ్చిండు బేటీ. బహూకు చెప్పొద్దన్నడు."

ఆమె వేలితో ఆ రాతను తడిమింది. "ఆఫీసువాళ్లు ఇచ్చారని చెప్పారండీ మామయ్యగారు. ఆ డబ్బు ఆఫీసువాళ్లు ఇచ్చారనే చెప్పారు నాకు." మర్ఫా వాళ్లు వాయించడం ఆపేశారు. ఎవరూ ఆపమనలేదు.

తర్వాత ఆమె కళ్లు తుడుచుకుని కైలాసం వైపు తిరిగింది. "మీరు కట్టింది రిజిస్ట్రేషన్ రోజునే మీకు ఇచ్చేస్తానండీ, ఒక్క పైసా ఉంచుకోను. మా మామయ్యగారి కాగితం ఇంటికి తెచ్చిపెట్టారు. మీలాంటి బంధువులు ఎల్లప్పగారికి ఉండడం ఆయన అదృష్టం."

ఎల్లప్ప ఏం చేశాడనుకున్నారు? కైలాసం కాళ్లు పట్టుకున్నాడు. "అన్నా, నాకు తోడబుట్టినోడు లేడు. నువ్వుండంగ నాకేం తక్కువ" అని బావురుమన్నాడు. కైలాసం ఒక కాలు విడిపించుకుంటే వాడు రెండో కాలు పట్టుకున్నాడు.

లలితమ్మ మొగుడి వైపు చూసిన చూపు నేను రాయలేను. పెళ్లినాడు కూడా అంత గర్వంగా చూసి ఉండదు. "ఇంత మంచితనం ఏడ దాచినవయ్యా!" అంది. అనుమానం కూడా కొంచెం ఉంది గొంతులో.

అనుమానం లేకుండా అన్నీ తెలిసిన మొహం ఒక్కటే ఉందక్కడ. నీలమ్మ. ఆమె మిఠాయి పళ్లెం పట్టుకొచ్చి, కైలాసం నోట్లో ఒక లడ్డూ పెట్టి, వంగి చెవిలో అంది. పక్కనే ఉన్నాను కనుక విన్నాను. "నువ్వెందుకు లెంకినవో నాకెరుకనే బావా. గయినా దొరికింది గద. గృహప్రవేశం నాడు నల్లి బొక్క నీకే ఏస్త."

ఆ లడ్డూ నమలడానికి కైలాసానికి మధ్యాహ్నం దాకా పట్టింది.

ఉగాదికి ముందే రిజిస్ట్రేషన్ అయింది. బ్యాంకువాళ్లు అసలు దస్తావేజు చూసి మారు మాట లేకుండా లోను ఇచ్చారు. కైలాసం పైసలు కైలాసానికి వచ్చేశాయి. బిందుమాధవి కాగితం ఇచ్చేసి బిందె మాత్రం తీసుకెళ్లింది. ఎల్లప్ప మల్గి షట్టరుకు నూనె పోసి, కొళాయి సామాన్ల దుకాణం తెరిచాడు. వచ్చిన ప్రతి గిరాకీకి తోడల్లుడి కథ చెబుతున్నాడు. వాడు చెబుతుంటే నాకంటే ఎక్కువ కల్పిస్తున్నాడని నాకు కొంచెం బాధగా కూడా ఉంది. ఇప్పుడు ఆ కథలో కైలాసం బేగంబజార్‌లో అటక ఎక్కి, పాముల మధ్యనుంచి బిందె దింపాడు.

మొన్న సాయంత్రం కైలాసం నా పక్కన వచ్చి కూర్చున్నాడు. మనిషి చిక్కిపోయాడు. ఎదురుగా ఎల్లప్ప దుకాణంలో లైటు వెలిగింది. దాన్నే చూస్తున్నాడు.

"ఎల్లప్పది ఏం నసీబు బాపూ!" అన్నాడు నిట్టూర్చి.

"పోనీలేవయ్యా. ఇంకో ఇల్లు చూసుకోవచ్చు నువ్వు."

"ఇల్లు గాదు బాపూ. ఇండ్లకేంది, మస్తుగున్నయి." చేత్తో ఆ దుకాణం వైపు చూపించాడు. "అడగకుంటనే బాకీ కట్టిండు, కాయితం సాఫ్ చేసిండు, ఊరంత పేరు తెచ్చిండు. గంత మంచి తోడల్లుడు దొరికిండు వానికి. నాకూ ఉన్నడు ఒకడు, ఎందుకు? నా కోసం ఎన్నడన్న గిట్ల చేసిండా?"